తోబుట్టువులు: లేరు

నా ఉద్యోగంలో నేను రాసిన రిపోర్టులు ఎన్నో నాకే గుర్తు లేదు. వాటిలో ఒకదాన్ని మాత్రం మేజిస్ట్రేటు గారు చూపించి, "దీని నకలు తీసి మీ దగ్గర ఉంచుకోండి. అప్పుడప్పుడు చదువుకోండి" అన్నారు. మెచ్చుకుని అన్నారనుకునేరు. కాదు. ఆ నకలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పిల్లల సంక్షేమం పనిలోకి కొత్తగా వస్తున్న మీకు నేను చెప్పదగ్గది ఏదైనా ఉంటే, ఆ రిపోర్టు సంగతే.

డెబ్బైల చివర్లో నేను మదనపల్లెలో ప్రొబేషన్ ఆఫీసరుగా చేరాను. మాది కృష్ణా జిల్లా. చేరేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. అప్పట్లో దిక్కులేని పిల్లలు ఎక్కడైనా దొరికితే పోలీసులు తెచ్చి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేవారు. ఆయన వాళ్ళను ప్రభుత్వ వసతి గృహానికి పంపవచ్చు, లేదా నమ్మకమైన ఒక కుటుంబానికి పెంచమని అప్పగించవచ్చు. ఆ కుటుంబం ఎటువంటిదో, ఆ పిల్ల వెనక కథేమిటో కనుక్కుని రిపోర్టు రాయడం నా పని. అప్పగించాక మూడు నెలలకోసారి వెళ్ళి చూసి రావడమూ నా పనే. మదనపల్లె, పుంగనూరు, అక్కణ్ణుంచి పలమనేరు మీదుగా కుప్పం దాకా నేనొక్కణ్ణే. నా వయసులో సగం ఎర్ర బస్సుల కిటికీల పక్కనే గడిచిపోయిందంటే పెద్ద అబద్ధం కాదు.

రిపోర్టుకు ఒక అచ్చు ఫారం ఉండేది. ఎనిమిది పేజీలు. మా ఆఫీసు గుమాస్తా నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు. ఆ ఫారంలో ఖాళీ గడి కనిపిస్తే అన్నంలో రాయి తగిలినట్టు ముఖం పెట్టేవాడు. "తెలియదు" అని రాసినా ఒప్పుకునేవాడు కాదు. ఉంది, లేదు, ఈ రెండిట్లో ఒకటి రాయాలి. నేను రెండు నెలల్లోనే ఆయన మెచ్చుకునేలా ఫారాలు నింపడం నేర్చుకున్నాను. నా రాత గుండ్రంగా ఉండేది. ఒక్క గడి వదిలేవాణ్ణి కాదు.

నేనొక్కణ్ణే ఇంత ప్రాంతం తిరగలేనని మేజిస్ట్రేటు గారికి తెలుసు. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. కోర్టులో ఎప్పుడూ ఒక లవంగం బుగ్గన పెట్టుకుని నెమ్మదిగా మాట్లాడేవారు. ఆయనే ఊళ్ళో కొందరిని పిలిచి ఒక ఏర్పాటు చేశారు. వాళ్ళకు జీతం లేదు, కుర్చీ లేదు. ఒక్కొక్కరికి ఇద్దరో ముగ్గురో పిల్లల్ని అప్పజెప్పేవారు. నెలకు రెండుసార్లు ఆ పిల్ల ఉన్న ఇంటికి వెళ్ళి, పిల్లతో కూర్చుని, కేసు కోర్టుకు వచ్చిన రోజు ఆ పిల్ల తరఫున చెప్పవలసింది ఉంటే చెప్పాలి. రిజిస్టరులో వాళ్ళను "గౌరవ సందర్శకులు" అని రాసేవాళ్ళం. మొత్తం నలుగురు. ఒక రిటైరైన హెడ్మాస్టరు, ఒక టైలరు, ఒక కాంపౌండరు భార్య, నాలుగో ఆమె పట్టు దారం తీసే మనిషి.

నిజం చెప్పాలంటే ఆ నలుగురూ నాకు నచ్చలేదు. డిగ్రీ చదివి, ట్రైనింగు తీసుకుని వచ్చిన నా పనిని, సాయంత్రం పూట తీరిక దొరికినవాళ్ళు చేస్తారా అనిపించేది. అందులోనూ ఆ నాలుగో ఆమె. మదనపల్లెలో పట్టుగూళ్ళను మరిగే నీళ్ళలో వేసి దారం తీసే షెడ్లో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. నీళ్ళలో నాని నాని వేళ్ళ కొసలు తెల్లబారి ముడతలు పడి ఉండేవి. సంతకం చేయడం వచ్చు, అంతకు మించి రాయడం రాదు. వారానికోసారి మా ఆఫీసుకు వచ్చి, బెంచీ ఖాళీగా ఉన్నా వరండా మెట్టు మీద కూర్చుని, చూసి వచ్చిన పిల్లల గురించి నోటితో చెప్పేది. నేను రాసుకోవాలి. మంచిగా ఉన్నప్పుడు నన్ను సార్ అనేది. కోపం వస్తే అప్పా అనేది.

ఇక ఆ పిల్ల సంగతి.

కుప్పం రైల్వే స్టేషన్లో, ప్లాట్‌ఫారం చివర ఉన్న బెంచీ మీద రెండు రోజులుగా ఒక్కతే కూర్చుని ఉంటే పోలీసులు తీసుకొచ్చారు. ఎనిమిదేళ్ళు ఉంటాయి. తల్లి బెంగళూరులో మేడలు కట్టే చోట ఇటుకలు మోసేది. జ్వరం వచ్చి ఆసుపత్రిలో పోయింది. తండ్రి ఎవరో పిల్లకు తెలియదు. అవ్వ ఉన్న ఊరికి పోదామని రైలెక్కింది, ఆ ఊరి పేరు మాత్రం తెలియదు. ఇంత కథ రాబట్టడానికి నాకు పావుగంట పట్టింది. పక్కన కానిస్టేబుల్ నిలబడే ఉన్నాడు. నేను ఫారం చూస్తూ వరుసగా అడుగుతూ పోయాను. "నీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉన్నారా?" అని అడిగితే తల అడ్డంగా ఊపింది. నేను "తోబుట్టువులు: లేరు" అని రాశాను. బెంచీ మీద రెండు రోజులు ఎందుకు కూర్చున్నావని కూడా అడిగాను. ఏమీ చెప్పలేదు. "చనిపోయిన తల్లి వస్తుందని ఎదురుచూసినట్టుంది" అని నేనే రాసేశాను. ఆ వాక్యం అప్పుడు నాకు చాలా బాగుందనిపించింది.

పుంగనూరుకు కొంచెం దూరంలో ఒక రైతు కుటుంబానికి ఆ పిల్లను అప్పగించారు. మెట్ట సేద్యం, నాలుగు ఆవులు. ఇద్దరు కొడుకులూ పెద్దవాళ్ళై వేరే ఊళ్ళలో పని చేసుకుంటున్నారు. భార్యాభర్తలు ఇద్దరే ఉండేవారు. ఆడపిల్ల లేదని ఆమెకు కొరత. ఆయన రోజూ పొద్దున సైకిలుకు క్యాన్లు కట్టుకుని టౌనుకు పాలు పోసేవాడు. మంచి మనుషులు. నా సర్వీసులో చూసిన ఇళ్ళలో ఆ ఇల్లు మొదటి వరసలో ఉంటుంది. వెళ్ళిన రెండో వారంలోనే పిల్లను బళ్ళో వేశారు. తలకు నూనె, ఒంటికి కొత్త గౌను. నేను వెళ్ళినప్పుడల్లా ఆ ఇల్లాలు పిల్ల పక్కనే నిలబడి, "సార్‌కు చెప్పమ్మా, బాగుండానని" అనేది. పిల్ల "బాగుండాను" అనేది. నేను రాసుకునేవాణ్ణి.

ఏడాదిన్నర గడిచింది. ఆ ఏడాదిన్నరలో నా రిపోర్టుల్లో రెండే రెండు లోపాలు రాశాను. ఒకటి, పిల్లలతో ఆడుకోదు, ఎప్పుడూ ఏదో ఒక పని చేస్తుంటుంది. రెండు, పాలు తాగదు. పాడి ఉన్న ఇంట్లో పాలు తాగని పిల్ల ఏమిటని ఆ ఇల్లాలు బాధపడేది. వెల్లుల్లి వేసి కాచింది, బెల్లం వేసింది, మజ్జిగ చేసి చూసింది. గ్లాసు చేతికిస్తే పిల్ల పట్టుకుని నిలబడేది, కాసేపటికి దించేసేది. కొందరికి పాలు పడవులెమ్మని నేను ధైర్యం చెప్పాను.

చివరికి ఆ దంపతులు, మేజరు అయ్యేదాకా పిల్లను తమకే ఉంచేయాలనీ, ఇక వచ్చి చూసే వాళ్ళు అవసరం లేదనీ కోర్టులో అర్జీ పెట్టుకున్నారు. నేను సంతోషంగా సిఫారసు రాశాను. ఫైలు మూసేయవచ్చు. గుమాస్తా కూడా సంతోషించాడు.

విచారణకు నాలుగు రోజుల ముందు పట్టు షెడ్డు ఆమె ఆఫీసుకు వచ్చింది. ఆ పిల్లను చూసి వచ్చే సందర్శకురాలు ఆమే. ఈసారి వరండాలో కూర్చోలేదు, లోపలికి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"ఆ బిడ్డ నిలబడేది సూసినారా సార్?" అంది.

చూశానన్నాను.

"సూసుండరు. ఎడమ నడుం పక్కకేసి నిలబడతాది. బిందె ఎత్తుకున్నా ఆ పక్కే, గడ్డి మోపైనా ఆ పక్కే. చేతిలో ఏమీ లేకున్నా అట్లే నిలబడతాది. మా షెడ్డుకాడ ఇట్లాంటి పిల్లోల్లను వంద మందిని సూసినాను. తల్లులు లోపల దారం తీస్తాంటారు, వీళ్ళు బయట సంటిబిడ్డను సంకలో ఏసుకోని పొద్దస్తమానం తిరగతాంటారు. ఆ సంకలో ఒక బిడ్డ ఉండినాది సార్. దాన్ని యాడ దించిందో మనం అడగల్ల."

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పల్లెల్లో ఆడపిల్లలందరూ అలాగే నిలబడతారన్నాను. ఫారం తీసి, తోబుట్టువులు లేరని పిల్లే చెప్పిందని చూపించాను. ఆమెకు చదవడం రాదని తెలిసీ చూపించాను.

"కానిస్టేబులును పక్కన పెట్టుకోని అడిగితే ఎవురు చెప్తారప్పా?" అంది. సార్ పోయి అప్పా వచ్చిందంటే కోపం వచ్చిందన్నమాట. ఆ మాటతో వెళ్ళిపోయింది. ఆమె చెప్పిన సంగతి ఫైల్లో రాయాలి. నేను రాయలేదు. నడుము ఒంపు ఏ గడిలో రాస్తాం?

విచారణ రోజు కోర్టులో జనం లేరు. పిల్లల కేసులు మధ్యాహ్నం భోజనాల తర్వాత, తలుపు దగ్గరకు వేసి చూసేవారు. మేజిస్ట్రేటు గారు, గుమాస్తా, నేను, పుంగనూరు దంపతులు, వాళ్ళ మధ్య పిల్ల. వెనక గోడ పక్కన సందర్శకురాలు. నేను లేచి నా సిఫారసు చదివాను. మేజిస్ట్రేటు గారు తల ఊపుతూ విన్నారు. కలం తీసుకున్నారు. అలవాటు ప్రకారం, సందర్శకులు ఏమైనా చెబుతారా అని అడిగారు. మామూలుగా ఎవరూ ఏమీ చెప్పరు.

ఆమె లేచి ముందుకు వచ్చింది. నేను ఆమె కొంగు అందే దూరంలో ఉన్నాను. కూర్చోమని మెల్లగా అన్నాను. వినపడనట్టే నా పక్కనుంచి దాటిపోయింది. పిల్లను ఒక మాట అడగవచ్చా అని మేజిస్ట్రేటు గారిని అడిగింది. ఆయన సరేనన్నారు.

ఆమె పిల్ల ముందు నేల మీద కూర్చుంది. ఇద్దరి ముఖాలూ ఒక ఎత్తులోకి వచ్చాయి. నీకెవరైనా ఉన్నారా అని అడగలేదు. ఏం జరిగిందో చెప్పమనీ అనలేదు.

"బిడ్డను యాడ దించినావమ్మా?" అంది.

పిల్ల కుడి చేయి ఎడమ నడుం మీదికి వెళ్ళింది.

"బెంచీ మింద," అంది. "నిద్రపోతాండినాడు. పాలకు పోయినాను. టీ అంగడాయన ముందు తరుముకున్నాడు, మల్లా ఇచ్చినాడు. వచ్చేసరికి లేడు. నేను ఊరికే వదిలేసి పోలేదు."

ఆ చివరి మాట మళ్ళీ అంది. మూడోసారి కూడా అంది. ఏడాదిన్నరగా ఆ మాట చెప్పడానికి ఎవరైనా అడుగుతారని చూస్తున్నట్టు, అడిగితే కొడతారని భయపడుతున్నట్టు ఉంది ఆ చెప్పడం. తీసుకుపోయినవాళ్ళు తిరిగి తెస్తారని ఆ బెంచీ మీదే రెండు రోజులు కూర్చుంది. పోలీసులు పట్టుకున్నప్పుడు, తమ్ముణ్ణి పారేసుకున్నందుకే పట్టుకున్నారనుకుంది. అందుకే నేను అడిగినప్పుడు తల అడ్డంగా ఊపింది.

పుంగనూరు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాలు ఎందుకు తాగదో ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది. నాకు ఇంకో రెండు నిమిషాలు పట్టింది.

మేజిస్ట్రేటు గారు కలం కింద పెట్టారు. కేసును మూడు నెలలు వాయిదా వేశారు. బయటికి వచ్చేముందు నన్ను పిలిచి ఆ మొదటి రిపోర్టు నకలు సంగతి చెప్పారు. ఒక్క కోపపు మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

మర్నాడే నేను వెతకడం మొదలుపెట్టాను, నాకు తెలిసిన పద్ధతిలో. కుప్పం పోలీసులకు ఉత్తరం, రైల్వే వాళ్ళకు ఉత్తరం, అనాథాశ్రమాలకు ఉత్తరాలు. వచ్చిన జవాబుల్లో మర్యాద ఉంది, సమాచారం లేదు. స్టేషన్ మాస్టరు బదిలీ అయిపోయాడు. టీ అంగడి చేతులు మారింది. నెల రోజులు అలా పోయాక పట్టు షెడ్డు ఆమె, "నువ్వు రాస్తాండు సార్, నేను సంతకు పోయొస్తాను" అంది.

సందర్శకులను ఒంటరిగా అంత దూరం పంపకూడదని నేనూ వెళ్ళాను. కుప్పం సంతకు నాలుగు దిక్కుల నుంచీ జనం వస్తారు. అక్కణ్ణుంచి ఒక పక్క తమిళం, ఇంకో పక్క కన్నడం. ఒకే మనిషి ఉల్లిగడ్డలు ఒక భాషలో బేరమాడి, చింతపండు ఇంకో భాషలో కొంటాడు. నేను ఫైలు చంకన పెట్టుకుని వాళ్ళనూ వీళ్ళనూ అడగబోతే, ఆమె నన్ను దూరంగా ఒక హోటల్లో కూర్చోబెట్టింది. పంచె కట్టుకోకుండా ప్యాంటు వేసుకుని వచ్చినవాణ్ణి చూస్తే నోళ్ళు మూతపడతాయంది. తను పోయి రాగుల మూటల దగ్గర ఆడవాళ్ళ మధ్య కూర్చుంది.

మొదటి వారం ఏమీ తెలియలేదు. రెండో వారమూ అంతే. మూడో వారం సాయంత్రం బస్సు వేళకు వచ్చి, ఊరి పేరు చెప్పింది. కుప్పానికి ఏడెనిమిది మైళ్ళు, సరిహద్దు దగ్గర. ఎలా కనుక్కున్నావని అడిగాను. తప్పిపోయిన బిడ్డ గురించి ఆమె ఎవరినీ అడగలేదట. దొంగతనం అంటగడతారని ఎవరూ చెప్పరు. "కాన్పు లేకుండా బిడ్డొచ్చిన ఇల్లు యాడన్నా ఉండాదా అక్కా?" అని అడిగిందట. అటువంటి సంగతి ఆడవాళ్ళు మరిచిపోరు.

ఆ ఇంటికి మేము ఇద్దరమే వెళ్ళాం. ఒక గది, ముందు చిన్న వసారా, వెనక కాస్త రాగి చేను. భర్త కూలికి పోయాడు. ఆమె ముప్ఫై దాటిన మనిషి. నన్ను, నా సంచిని చూడగానే లోపల ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుని గోడకు అంటుకుపోయి నిలబడింది. పట్టు షెడ్డు ఆమె గడప దగ్గర కూర్చుని మంచినీళ్ళు అడిగింది. తాగి, ఎండల గురించి, రాగుల గురించి మాట్లాడింది. నేను వసారా స్తంభంలా నిలబడ్డాను. అరగంట తర్వాత ఆ ఇల్లాలే చెప్పింది. ఆరోజు సంత చూసుకుని, చెల్లెల్ని రైలెక్కించడానికి స్టేషనుకు పోయిందట. బెంచీ మీద పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడట, కింద పడేలా ఉన్నాడట. ఎత్తుకుంది. అటూ ఇటూ అడిగింది, ఎవరూ మాది అనలేదు. వదిలేసిన బిడ్డ అనుకుంది. పెళ్ళయి పద్నాలుగేళ్ళు, పిల్లలు లేరు. చివరి బస్సు వచ్చింది. ఎక్కేసింది.

"ఇంకా కొంచేపు ఉండల్సింది," అంది. "ఉంటే ఎవురన్నా వస్తారేమోనని బయపడి ఎక్కేసినాను. వీణ్ణి తీసకపోతారా?"

నా దగ్గర చట్టం ఉంది. దాని ప్రకారం ఏం చేయాలో నాకు తెలుసు. అప్పటిదాకా నా జీవితంలో తెలిసిన పని చేయడానికి అంత వెనకాడిన రోజు లేదు. వాడికి అక్క ఉంది, చూడాలి, అని మాత్రం చెప్పాను.

తర్వాతి వారం పిల్లను తీసుకువెళ్ళాం. పుంగనూరు ఆమె కూడా వచ్చింది. బస్సులో దారి పొడుగునా పిల్ల చేయి పట్టుకునే ఉంది. అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు చూసి పరుగెత్తుకొస్తారని నేను ఊహించుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. పిల్లాడికి రెండున్నరేళ్ళు. పెంచిన తల్లి చీర వెనక దాక్కున్నాడు, అక్కను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. పిల్ల దగ్గరకు పోలేదు. కొంచెం దూరంలో గొంతుక్కూర్చుని, వాణ్ణి కాకుండా ఆ తల్లిని అడిగింది. వానాకాలంలో వాడి చెవి కారుతోందా అని. కారుతోందని, ఏం వేసినా పోవట్లేదని ఆమె చెప్పింది. ఏ పక్క పడుకోబెడితే నిద్రపోతాడో పిల్ల చెప్పింది. ఆ ఇద్దరూ పసివాడి గురించి, చాలాకాలంగా ఎరిగిన ఇరుగుపొరుగు వాళ్ళలా మాట్లాడుకున్నారు. పుంగనూరు ఆమె వసారాలో నిలబడి అంతా చూసింది. తిరుగు బస్సులో ఆమె పిల్ల చేయి పట్టుకోలేదు. పిల్లే ఆమె చేయి పట్టుకుంది.

రెండో విచారణకు ముందు నేను రిపోర్టు రాయాలి. ఫారం తీసుకుని కూర్చున్నాను. ఫారం ప్రకారం అయితే జవాబు తేలిక. పుంగనూరు ఇంట్లో అన్నీ ఉన్నాయి, బడి పక్కనే. కుప్పం ఇంట్లో ఒక గది, బడి రెండు మైళ్ళు, పైగా ఆ ఇల్లాలు చెప్పాపెట్టకుండా బిడ్డను తీసుకుపోయిన మనిషి. ఇద్దరు పిల్లల్నీ పుంగనూరుకే అప్పగిస్తే కాగితం మీద ఏ చిక్కూ లేదు. పుంగనూరు రైతు కూడా అదే కోరాడు, ఇద్దర్నీ సాకుతానన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడు. కానీ ఆ పసివాడికి తెలిసిన తల్లి ఒక్కతే. వాణ్ణి ఆమె దగ్గర్నుంచి లాగితే, ఆ బెంచీ మీద జరిగినదాన్నే మళ్ళీ మనం చేసినట్టవుతుందని సందర్శకురాలు వాదించింది. పిల్లను అడగమంది. ఫారంలో పిల్లను అడిగే గడి లేదు. ఆ రోజు మొదటిసారి ఫారం పక్కన పెట్టి తెల్లకాగితం మీద రాశాను. గుమాస్తా దాన్ని ఫైల్లో ఏ వరసలో కుట్టాలో తెలియక చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు.

మేజిస్ట్రేటు గారు పిల్లను తన గదిలోకి పిలిపించి మాట్లాడారు. సందర్శకురాలు తప్ప ఎవరూ ఉండకూడదన్నారు. తర్వాత ఆమె నాకు చెప్పింది. పుంగనూరు అమ్మ అంటే ఇష్టమేనని పిల్ల చెప్పిందట. తమ్ముణ్ణి అక్కడి నుంచి తీసుకురావద్దందట. "నేనే ఆడికి పోతాను" అందట. ఆ ఇంట్లో నువ్వు ఇంకా ఎక్కువ పని చేయాలేమో అని ఆయన అంటే, "వాడు నన్ను మల్లా గుర్తుపట్టేదాకన్నా ఉంటాను" అందట.

కుప్పం ఆమెకు ఈ మాట చెబితే ముందు నమ్మలేదు. బిడ్డను తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు ఇంకో బిడ్డను ఇస్తామంటున్నారు. "ఇద్దురూ ఉండనీండి" అంది. మేజిస్ట్రేటు గారు అలాగే ఉత్తర్వు రాశారు. ఇద్దరు పిల్లలూ కుప్పం ఇంట్లో, మా పర్యవేక్షణలో. సెలవులకు పిల్ల పుంగనూరు వెళ్ళవచ్చు. పుంగనూరు రైతు కోర్టు బయట నన్ను నిలదీశాడు. తప్పు రాసింది మీరు, బిడ్డను పోగొట్టుకునేది మేమా అన్నాడు. ఆయన భార్య మాత్రం, ఇంటికి పోదాం రమ్మని ఆయన భుజం తట్టింది.

ఈ కథ విన్నవాళ్ళు చివరికి ఆ పిల్ల ఏమైందని అడుగుతారు. గొప్ప చదువు చదివిందని చెప్పగలిగితే నాకూ బాగుండేది. మొదటి ఏడాది బడికి సరిగా పోలేదు. ఇంట్లో పని, దూరం. పట్టు షెడ్డు ఆమె నెలనెలా వెళ్ళి పోరగా పోరగా పిల్ల మళ్ళీ బడికి పోయింది. పదో తరగతి అయింది, కుట్టుపని నేర్చుకుంది. నేను అక్కణ్ణుంచి బదిలీ అయ్యేనాటికి ఆ పిల్లాడు అక్క లేకుండా బడికి పోనని పేచీ పెట్టేవాడు. పుంగనూరులోనే ఉండి ఉంటే ఇంకా చదివేదేమో. నేను ఆ సంగతి ఎన్నోసార్లు ఆలోచించాను. ఎటు తిప్పి చూసినా ఒక నష్టం కనిపిస్తూనే ఉంటుంది. మన పనిలో నష్టం లేని దారి దొరకడం అరుదు. ఆ నష్టం ఎవరిదో తెలిసి రాయాలి, అంతే. మంచి మనుషులున్న ఇల్లు చూడగానే నా కళ్ళు మూసుకుపోయాయి. ఇల్లు బాగుందా అని చూశాను, పిల్లను చూడలేదు.

ఉత్తర్వు వచ్చిన నాలుగైదు నెలలకు ఒకరోజు పొద్దున్నే పుంగనూరు ఆమె మా ఆఫీసుకు ఒంటరిగా వచ్చింది. ఇంకో బిడ్డను ఇమ్మని అడుగుతుందని అనుకున్నాను. ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. వసతి గృహంలో అప్పుడు ఇద్దరు ఆడపిల్లలున్నారు. ఇవ్వాలనే ఉంది. కానీ ఆ ఇంటికి మళ్ళీ అలాంటి దెబ్బ తగిలితే?

ఆమె కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాకు బిడ్డ వద్దు సార్," అంది. "ఏడాదిన్నర నా కండ్ల ముందరే తిరిగింది. రోజూ తల దువ్వినాను. నాకు కనపళ్ళేదు. ఆ యమ్మకు కనపడింది. ఎట్ల సూడల్నో నేను నేర్చుకుంటాను. సూసొచ్చే పని నాకియ్యండి."

నేను రిజిస్టరు తీశాను. గౌరవ సందర్శకుల పేజీలో నాలుగు పేర్ల కింద చోటు ఉంది. ఆమె పేరు, ఊరు రాశాను. సంతకం దగ్గర ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ నెమ్మదిగా రాసింది. మధ్యలో ఒక అక్షరం తప్పు పోతే ఆగి, నన్నడిగి, దిద్దుకుంది. గుమాస్తా గడియారం వంక చూశాడు. నేను తొందర పెట్టవద్దని ఆయనకు సైగ చేశాను.